చెట్టు చాటు నుంచి చెప్పే ఔను

తోట ఒకటి. దాన్ని తడిపే నది ఒకటే అయినా, బయటికి వచ్చి నాలుగు పాయలైంది కాబట్టి పిల్లలు నాలుగూ లెక్కలో వేసేవాళ్లు. వెతుక్కోకుండా దొరికే తిండి. చెమట పట్టని పని. బాధ తెలియని కాన్పు. సిగ్గు తెలియని ఒళ్లు. ముళ్లు మొలవని నేల. పాముతో పగ లేని బతుకు. చావును దగ్గరికి రానివ్వని ఇంకో చెట్టు. చల్లపూట దేవుడు తోటలో నడుస్తుంటే ఆ చప్పుడుకు భయపడకుండా ఉండడం. ఒక్క పండు తిన్నందుకు ఆదాము, అవ్వ పోగొట్టుకున్నవి ఇవి.

ఈ లెక్క నేను వేసింది కాదు. కొత్తపేట వెనక సందులో ఉన్న మా చిన్న సంఘంలో, ఏటా ఎండాకాలం సెలవుల్లో, సండే స్కూల్ టీచరు పిల్లలతో వేయించేది. ఆమె సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలు టీచర్ అనేవాళ్లు. మిగతా సంఘమంతా కండక్టరమ్మ అనేది.

ఒక ఏడాది ఒక పిల్లవాడు లేచి పాము కాళ్లు కూడా పోయాయన్నాడు. ఆదికాండంలో కాళ్ల మాట లేదు కదా అని వెనక నిలబడ్డ నేను అన్నాను. "పొట్ట మీద పాకుమన్నడంటే, అంతకుముందు దేని మీద నడిచింది తమ్మీ?" అని కండక్టరమ్మ నన్నే అడిగింది. కాళ్లు లెక్కలో చేరాయి. ఇంకో పిల్ల, బట్టలు మాత్రం వచ్చాయి టీచర్ అంది. అవి కూడా వేసుకో, వచ్చినవి మరచిపోవద్దు అంది.

అంతా అయ్యాక ఆమె అసలు ప్రశ్న వేసేది. ఇన్ని పోయాయి సరే, పోనిదేమిటి? పిల్లలు ఆకాశం అనేవాళ్లు, సూర్యుడు అనేవాళ్లు. కాసేపు వాళ్లను తడుముకోనిచ్చి తనే చెప్పేది.

"తోట పోయింది. ఇష్టం పోలే. వాళ్లు తప్పు చేసినంక కూడ దేవుడు దాన్ని గుంజుకోలే. గుంజుకుంటే మనిషి మిగలడు, బొమ్మ మిగులుతది."

పోయిన నెల ఆమెను మట్టిలో పెట్టాం. సమాధి దగ్గర పదిమంది దాకా మాట్లాడారు. ఇద్దరు తప్ప అందరూ ఆమె విధేయత గురించే చెప్పారు. ఎంత విధేయురాలు, దేవుని మాటకు ఎదురాడని మనిషి, దైవసేవకుడైన పాస్టరు మాట జవదాటని మనిషి అని.

నేను ఇళ్లకు ఎస్టిమేషన్లు వేసి బతికేవాణ్ని. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మేస్త్రీల వెంట తిరిగి, ఎల్‌బీ నగర్ నుంచి వనస్థలిపురం దాకా లేచిన ఇళ్ల పునాదుల్లో నిలబడి, ఏ గోడకు ఎంత పడుతుందో సొంతంగా నేర్చుకున్నాను. ఒక పక్క కొలత మాత్రమే చెప్పి గది ఎంతో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. సమాధి దగ్గర వాళ్లు చెప్పింది ఒక పక్క కొలత. అది తప్పు కాదు. రెండో పక్క నాకు తెలుసు.

ఆమె ఎక్కడ నిలబడ్డా పాదాలు ఎడంగా పెట్టి నిలబడేది, కింద నేల కదులుతున్నట్టు. మందిరంలో పాట పాడేటప్పుడు అందరూ ముందు బెంచీ అంచు పట్టుకుంటే ఆమె ఏదీ పట్టుకునేది కాదు. పిల్లలు వాక్యం చదువుతుంటే వేలితో బెంచీ మీద ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే సాగాలి. ఈల పోయింది, అలవాటు మిగిలింది. ఒక ఆదివారం పాస్టరుగారి ప్రార్థన ఎంతకూ ముగియకపోతే, పక్కనున్న మా ఆవిడ చెవిలో, "డ్రైవర్ సాబ్ మన స్టాప్ దాటిచ్చిండు" అందట. మా ఆవిడ ఆమేన్ దాకా నవ్వు ఆపుకోలేక దగ్గింది.

అలాగని సంఘంలో తలెగరేసే మనిషి కాదు. శుక్రవారం ఉపవాసం తప్పించేది కాదు. పాస్టరుగారు కూర్చోమంటే కూర్చునేది. పిల్లలు ఆలస్యంగా వస్తే తలుపు బయటే నిలబెట్టేది. సంఘపెద్దల పిల్లలైనా అంతే, ఆ పెద్దల్లో ఒకణ్నైన నా కూతురైనా అంతే.

మందిరం ప్రహరీ గోడకు నేను కొలతలు తీస్తున్న రోజు వచ్చి నా పక్కన నిలబడింది. ఏదెను తోటలో ఆ చెట్టు చుట్టూ గోడ కట్టాలంటే ఎన్ని ఇటుకలు పడతాయి అని అడిగింది. ఆటకు అడుగుతుందనుకున్నాను గానీ ముఖం చూస్తే ఆటగా లేదు. నాలుగు వైపులా పదేసి అడుగులు, ఎత్తు ఆరడుగులు, తొమ్మిదంగుళాల గోడ అనుకుని, రెండున్నర వేలు అన్నాను.

"ప్రపంచమంత చేసినోనికి రెండున్నర వేల ఇటుకలు దొరకలేదా తమ్మీ?"

నేను టేపు చుట్టుకున్నాను. తినొద్దని చెప్పాడు, తింటే ఏమవుతుందో చెప్పాడు, గోడ మాత్రం కట్టలేదు, కాపలా పెట్టలేదు అని ఆమే అంది. కాపలా పెట్టింది వాళ్లు తోట వదిలి వెళ్లిపోయిన తర్వాత. "కండక్టర్ టికెట్ ఇస్తది, వచ్చే స్టాప్ ఏదో చెప్తది. కాలర్ పట్టి దింపదు. దింపితే అది బస్సు కాదు, పోలీస్ వ్యాన్."

మా సంఘంలో పిల్లలకు పద్నాలుగో పదిహేనో ఏడు వచ్చాక నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. ఎవరు సిద్ధంగా ఉన్నారో చెప్పే పని కండక్టరమ్మది. మిగతా టీచర్లయితే క్లాసులోనే చేతులెత్తమంటారు. ఈమె ఒక్కొక్కరినీ విడిగా బస్సు ఎక్కించేది. ఎల్‌బీ నగర్‌లో ఎక్కి, కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ దాకా. పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి తను పక్కన నిలబడేది, సీటు ఖాళీగా ఉన్నా సరే. అడిగేది ఒకటే. ఈ నీళ్లలోకి నువ్వు దిగాలనుకుంటున్నావా, మీ వాళ్లు దింపాలనుకుంటున్నారా? దిల్‌సుఖ్‌నగర్ వచ్చేలోగా చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు. వద్దనొచ్చు. తర్వాత చెప్తాననొచ్చు. ఏం చెప్పినా దిగాక ఇద్దరూ చెరకు రసం తాగి తిరిగొచ్చేవాళ్లు.

ఇదంతా బస్సులో ఎందుకు అని అడిగాను.

"చర్చిల అడిగితే పాస్టర్‌కు జవాబిస్తరు. ఇంట్ల అడిగితే అమ్మకు జవాబిస్తరు. బస్సుల ఆ మోతకు ఎవ్వలకు వినపడది. వాళ్లకు వాళ్లే జవాబిచ్చుకోవాలె."

తనను మాత్రం ఎవరూ అడగలేదని కూడా చెప్పింది. నల్లగొండ దిక్కు ఊళ్లో, చిన్నప్పుడు, వాడకట్టంతా ఒకేరోజు వాగులో దిగితే ఆమెనూ రెక్క పట్టి దించారు. దేవుడికి తను ఔనన్నది చాలా ఏళ్ల తర్వాత, డ్యూటీలో, మలక్‌పేట దగ్గర, చేతిలో టికెట్లతో. ఆ వాగు నీళ్లకు లెక్క లేదు, మలక్‌పేటదే లెక్క అనేది.

కొత్తపేట నుంచి పండ్ల మార్కెట్ వెళ్లిపోయిన మరుసటి ఎండాకాలం మా అమ్మాయి వంతు వచ్చింది. మందిరంలో వేదిక పలకల కింద బాప్తిస్మపు తొట్టి ఉంది. ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల లోతు. కట్టించింది నేనే. నిండా పోస్తే నాలుగు వేల లీటర్లకు కొంచెం తక్కువ. ఆదివారం బాప్తిస్మం అంటే శుక్రవారమే ట్యాంకర్ తెప్పించి నింపించాను. ఊరి నుంచి మా అమ్మ వచ్చింది, మేనత్తలు వచ్చారు. అమ్మాయికి తెల్లచీర తెచ్చారు. ఆదివారం మధ్యాహ్నానికి బిర్యానీ చెప్పాను. అప్పటికి కండక్టరమ్మ మా అమ్మాయిని బస్సు ఎక్కించనేలేదు. సంఘపెద్ద కూతురు, పదిహేనేళ్లు, వాక్యాలన్నీ నోటికొచ్చు. ఆ ఔనును రాకముందే నేను లెక్కలో వేసుకున్నాను. మా సంఘంలో ఏ పెద్ద అయినా అదే చేసేవాడు.

శనివారం సాయంత్రం ఇద్దరూ బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. అమ్మాయి ఎవరి వైపూ చూడకుండా లోపలికి వెళ్లింది. కండక్టరమ్మ గడపలోనే పాదాలు ఎడంగా పెట్టి నిలబడింది.

"నీ బిడ్డ రేపు దిగది తమ్మీ. ఇంకా ఆలోచించుకుంటా అన్నది."

ఏమంది, ఎందుకంది అని అడిగాను. తనకు నమ్మకం లేదని కాదు, ఉందో లేదో ఇంకా తెలియడం లేదు, తెలిశాక చెప్తాను అందట. అంతే. నేను తొట్టి నిండిందన్నాను. మిగతా ఆరుగురు పిల్లలకూ ఆ నీళ్లు పనికొస్తాయి కదా అంది. చుట్టాలు వచ్చారన్నాను. బిర్యానీకి బాప్తిస్మంతో పని లేదు, తింటారు అంది. చివరికి, మీరంటే దానికి ప్రాణం, మీరొక్క మాట చెప్తే ఒప్పుకుంటుంది, చెప్పండి అని బతిమాలాను.

"అందుకే చెప్ప."

లోపలి నుంచి మా అమ్మ వచ్చింది. మనవరాలి బాప్తిస్మం చూడ్డానికి రెండు బస్సులు మారి వచ్చిన మనిషి.

"ఆడపిల్ల దేవునికే ఎదురు చెప్తదా? ఇదేం నేర్పినవమ్మా నువ్వు?"

"ఎదురు చెప్పలే అక్కా. దాక్కోలే. అది చూడు." అమ్మ చెయ్యి పట్టుకుని మెట్టు మీద కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది. "ఆదాము చెట్ల చాటుకు పోయిండు. దేవుడు ఎక్కడున్నవ్ అనడిగిండు. తెల్వక అడిగిండా? బయటికొచ్చి మాట్లాడుతడేమో అని అడిగిండు. నీ మన్మరాలు బయట నిలబడి నాకింకా తెల్వదు అన్నది. రేపు మనం భయపెడితే తొట్టిల దిగుతది, ఔనంటది. కని అది చెట్టు చాటు నుంచి చెప్పే ఔను. దేవునికెందుకది?"

మా అమ్మ ఒప్పుకోలేదు. కాకపోతే ఆమె చెయ్యి కూడా వదల్లేదు.

ఆదివారం ఆరాధనకు ముందు పాస్టరుగారికి సంగతి చెప్పాల్సి వచ్చింది. ఆయన కోస్తా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, మెత్తని మనిషి. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా దవాఖానలో తెల్లవార్లూ కూర్చునే మనిషి. పలకలు తీసేసిన తొట్టి పక్కన ముగ్గురం నిలబడ్డాం. ఆయన గొంతు పెంచలేదు.

"ఈ సొంత ఇష్టమే కదమ్మా ఏదెనులో మన కొంప ముంచింది. పిల్లలకి మనం నేర్పాల్సింది లోబడ్డం. మీరేమో వద్దనడం నేర్పుతున్నారు."

"కొంప ముంచింది పండు తినుడు పాస్టర్‌గారు. తినాల్నా వద్దా అని తేల్చుకునే తెలివి దేవుడు పెట్టిందే. ఆ పిల్ల దగ్గర అది మనం గుంజుకుంటే, దేవుడు చెయ్యని పని మనం చేసినట్టు."

తర్వాత ఆయన అడిగింది బెదిరింపు కాదు, నిజంగా ఆయన భయం.

"రేపు ఆ పిల్లకేదన్నా అయితే? ఆ ఆత్మకి ఎవరు జవాబుదారీ అమ్మా?"

"నేను. నా మీద ఏస్కుంట."

అది ఎంత పెద్ద మాటో బయటివాళ్లకు తెలియదు. మా వాళ్లకు అంతకంటే బరువైనది లేదు. ఇంకొకరి ఆత్మను తన తల మీద పెట్టుకుని తీర్పు రోజున నిలబడతాననడం. బేరమాడినట్టు కాదు, బస్సులో ఎవరో మరచిపోయిన సంచిని డిపోలో అప్పజెప్పేదాకా నా దగ్గరుంటుందన్నట్టు చెప్పింది. అది నా కూతురు. తండ్రిగా ఆ మాట అనే ధైర్యం నాకు రాలేదు.

పాస్టరుగారు ఆలోచించి, అలాగైతే ఆ పిల్ల జవాబు వచ్చేదాకా సండే స్కూల్ వేరేవాళ్లు చూస్తారన్నాడు. మిగతా తల్లిదండ్రులకు తను ఏదో ఒకటి చెప్పాలి కదా అన్నాడు. ఆ క్లాసు తప్ప ఆమెకు వేరే ఏమీ లేదు. భర్త లేడు, పిల్లలు లేరు, నాగోల్ దగ్గర ఒక గది కిరాయి. ఆదివారం ఆ గంట కోసమే ఆమె వారమంతా బతికేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నేను ఏదో అనబోయాను. ఆమె బెంచీ మీద వేలితో ఒకసారి కొట్టింది. ఆగమని.

"సరే పాస్టర్‌గారు," అంది. వెళ్లి చివరి వరుసలో కూర్చుంది.

ఆరుగురు పిల్లలు నీళ్లలో దిగి లేచారు. అందరికంటే గట్టిగా హల్లెలూయా అన్నది ఆమే. బయటికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి ఒక్క మాట తీసుకుంది. క్లాసు పోయిన సంగతి అమ్మాయికి తెలియకూడదు. తెలిస్తే నా కోసం ఔనంటుంది, అది మళ్లీ చెట్టు చాటుదే అంది. మోకాళ్ల నొప్పులని చెప్తాను, నువ్వు నోరు తెరవొద్దు అంది. అలాగేనన్నాను.

మూడేళ్లు ఆమె చివరి వరుసలోనే కూర్చుంది. మా అమ్మాయి రోజూ దిల్‌సుఖ్‌నగర్‌లో కాలేజీకి వెళ్తూ, ఆదివారాలు వచ్చి ఆమె పక్కనే కూర్చునేది. ఇద్దరూ ఏవేవో గుసగుసలాడుకునేవాళ్లు. కొన్నిసార్లు మా అమ్మాయి గట్టిగా వాదించేది కూడా. ఆదాము కొడుకు కయీనుకు భార్య ఎక్కడి నుంచి వచ్చింది లాంటివి. కండక్టరమ్మ నాకు తెల్వది బిడ్డా అనేది, తెలియదనడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. బాప్తిస్మం మాట మాత్రం ఆమె ఎత్తగా నేను ఒక్కసారి కూడా వినలేదు. పక్కగదిలో కొత్త టీచరు దగ్గర పిల్లలు లెక్కపెట్టే గొంతులు వినపడితే ఆమె వేళ్లు ఒళ్లో కదిలేవి. అంతకుమించి ఏమీ కనపడనిచ్చేది కాదు.

నేను లోలోపల రోజూ ఎదురుచూశాను. అమ్మాయి ఔనంటే ఆమె క్లాసు ఆమెకు వచ్చేస్తుంది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఇచ్చిన మాట గుర్తొచ్చి మింగాను. ఈలోగా ఎవరూ అనుకోని విధంగా, ఒక మధ్యాహ్నం నిద్రలోనే ఆమె వెళ్లిపోయింది.

మట్టిలో పెట్టిన పదకొండో రోజున మందిరంలో జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. చివర పాస్టరుగారు లేచాడు. ఆమె క్లాసు మోకాళ్ల నొప్పుల వల్ల పోలేదనీ, తనే ఆపించాననీ చెప్పాడు. ఆరు నెలలకే వెళ్లి తిరిగి రమ్మని అడిగాను, ఏడాదికి మళ్లీ అడిగాను, రాలేదు అన్నాడు. పిల్ల జవాబు వచ్చేదాకా అని మీరన్నారు, నేను సరే అన్నాను, జవాబు రానిదే నేనెట్ల ఒస్త అందట. "నా మాటకి ఆవిడ లోబడింది. ఆ పిల్లని మాత్రం నా మాటకి లోబరచనివ్వలేదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ తెలీదు," అని కూర్చున్నాడు. పిల్ల పేరు చెప్పలేదు. చెప్పనక్కర్లేదు.

ఇంటికి వస్తుంటే మా అమ్మాయి మెట్రో స్తంభాల పక్కన నాకు ఎడంగా నడిచింది. ఏడుస్తుందేమో అని నేను అటు చూడలేదు.

"నువ్వెందుకు చెప్పలే డాడీ?"

"చెప్తే ఆ ఆదివారమే ఔనంటుంటివి."

ఇంకో స్తంభం దాటేదాకా ఆలోచించింది. "ఔ. అంటుంటి."

తర్వాత ఆగి, రోడ్డు మీద పోయే బస్సు వైపు చూస్తూ, "ఇప్పుడన్నా టీచర్ కోసమే అన్నట్టైతది. జర ఆగు డాడీ," అంది.

ఆగుతున్నాను. నాకు ఆ ఔను కావాలి, ఆ సంగతి దాచను. కానీ అడగడం లేదు. కండక్టరమ్మ అన్నేళ్లలో బస్సు ఎక్కించిన పిల్లలెందరో మొన్న పెద్దలం కూర్చుని ఒక్కొక్కరినీ తలుచుకుంటే నూట పన్నెండు మంది తేలారు. వాళ్లలో నూట పదకొండు మంది ఔననో కాదనో చెప్పారు. ఇంకా రావలసింది ఒకటి.